చిన్న బృందంతో ఇటాలియన్ కామిక్ ఒపెరా: మొదటి మీటింగ్ నుంచి ప్రదర్శన దాకా

ఒపెరా అనగానే పెద్ద థియేటరు, నిండు ఆర్కెస్ట్రా, బోలెడు ఖర్చు గుర్తొస్తాయి. కామిక్ ఒపెరాకు మాత్రం ఇవేవీ తప్పనిసరి కాదు. పెర్గొలేసి రాసిన 'లా సెర్వా పాద్రోనా' 1733లో నేపుల్స్‌లో ఓ గంభీరమైన ఒపెరా అంకాల మధ్య విరామంలో ఆడిన చిన్న ముక్క. పాడేది ఇద్దరు, మాట్లాడకుండా నటించేది ఒకడు, వెనక కొన్ని తీగ వాయిద్యాలు, ఒక హార్ప్సికార్డ్ (పియానోకు ముందుతరం మెట్ల వాయిద్యం). ఇంతే. అదే 1752లో పారిస్‌లో ఆడితే ఫ్రెంచి సంగీతం గొప్పదా, ఇటాలియన్ సంగీతం గొప్పదా అని అక్కడి పండితులు కరపత్రాలతో కొట్టుకున్నారు.

చిన్న హాలుకు పెద్ద థియేటర్లలో లేని సుఖం ఒకటుంది. చివరి వరుసలో కూర్చున్నవాళ్లకు కూడా గాయకుడి కనుబొమ్మ కదలడం కనిపిస్తుంది, అతని నోట్లో మాట వినపడుతుంది. కామిక్ ఒపెరాలో నవ్వంతా ఆ మాటలోనే ఉంటుంది కాబట్టి, ఏ నిర్ణయం దగ్గర తటపటాయించినా 'దీనివల్ల మాట ఇంకా బాగా అందుతుందా, లేదా?' అని అడగండి. సగం తగాదాలు అక్కడే తేలిపోతాయి.

ముందు గొంతులు లెక్కపెట్టండి

ఒపెరా ముందు ఎంచుకుని తర్వాత గాయకుల కోసం వెతకడం తలకిందుల పని. మీ దగ్గర ఎవరెవరున్నారో కాగితం మీద రాసుకోండి. టెనర్ (పై స్థాయిలో పాడే మగ గొంతు) ఉన్నాడా అన్నది మొదటి ప్రశ్న. ఔత్సాహిక బృందాల్లో సోప్రానోలు (పై స్థాయిలో పాడే ఆడ గొంతులు) కావలసినంత మంది ఉంటారు, టెనర్లకే కరువు. నెలల తరబడి రిహార్సల్స్‌కు రాగలడా అని అతన్ని అడిగి, గట్టిగా అవుననిపించుకున్నాకే ముందుకు కదలండి.

ఒక సోప్రానో, ఒక బాస్ (లోతైన మగ గొంతు) మాత్రమే ఉంటే 'లా సెర్వా పాద్రోనా' చాలు. ముప్పావు గంటలో అయిపోతుంది, మొదటిసారి చేసేవాళ్లకు ఇంతకంటే మంచిది లేదు. నలుగురు గట్టి గాయకులుండి కోరస్ (గుంపుగా పాడేవాళ్లు) బలహీనమైతే డోనిజెట్టి 'డాన్ పాస్క్వాలే' చూడండి. 1843లో వచ్చింది, నలుగురి మీదే నడుస్తుంది, కోరస్‌కు పని మూడో అంకంలోనే. కోరస్ అసలే వద్దనుకుంటే చిమరోజా 1792లో రాసిన 'ఇల్ మాత్రిమోనియో సెగ్రేతో' ఉంది, ఆరుగురితో సరిపోతుంది. రోసీని కుర్రతనంలో రాసిన ఏకాంకికలూ ఉన్నాయి. వాటిలో 1813 నాటి 'ఇల్ సిన్యోర్ బ్రుస్కీనో'లో, ఆరంభ సంగీతంలోనే వయొలిన్ వాళ్లు కమానులతో స్టాండ్ల మీద టకటకా కొడతారు. చిన్న హాల్లో ఆ చప్పుడుకే నవ్వు మొదలవుతుంది.

మీటింగ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా రోసీని 'బార్బర్ ఆఫ్ సెవిల్' పేరెత్తుతారు. మర్యాదగా వద్దనండి. ప్రధాన పాత్రలన్నిటికీ మెరుపు వేగంతో గమకాలు పలకాలి, పైగా దాని కోరస్ అంతా మగవాళ్లే. మీ కోరస్‌లో ఉత్సాహంగా వచ్చే ఆడవాళ్లందరినీ టికెట్ల దగ్గర కూర్చోబెడతారా?

గాయకులు ఐదుగురు, కోరస్‌కు పదిహేను ఇరవై మంది ఉన్న బృందానికి నా ఓటు డోనిజెట్టి 'లెలిసీర్ దామోరే' (ప్రేమ మందు)కే. 1832లో మిలాన్‌లో మొదటిసారి ఆడారు. నెమొరీనో అనే అమాయకపు పల్లెటూరి కుర్రాడు అదీనా అనే చదువుకున్న, డబ్బున్న అమ్మాయిని ప్రేమిస్తాడు. దుల్‌కమారా అనే నకిలీ వైద్యుడు ప్రేమ మందని చెప్పి వాడికి ఉత్త ద్రాక్షసారా అంటగడతాడు. కోరస్ వాళ్లు ఊరి జనం. ఒకరి సంగతులు ఒకరికి తెలిసిన చిన్న చోటి మనుషులు అలాంటి మనుషుల వేషమే వేస్తున్నారంటే నటన సగం నేర్పినట్టే. ఇక్కడి నుంచి ఉదాహరణలన్నీ దీని నుంచే ఇస్తాను. మీరు వేరేది ఎంచుకున్నా పద్ధతి ఇదే.

హక్కులు, భాష, కోతలు

డోనిజెట్టి 1848లో, మాటలు రాసిన రొమానీ 1865లో పోయారు కాబట్టి మూల రచన మీద ఎవరికీ హక్కుల్లేవు. పాత ముద్రణల స్కాన్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అయితే కొత్తగా పరిష్కరించిన ప్రతులకు, ఈ మధ్య చేసిన అనువాదాలకు హక్కులుంటాయి. వాటిని వాడితే ప్రచురణకర్తతో ముందే రాతపూర్వకంగా మాట్లాడుకోండి. అందరి చేతుల్లో ఒకే ముద్రణ ఉండేలా చూడండి. పేజీ నంబర్లు కలవకపోతే ప్రతి రిహార్సల్‌లో పావుగంట వెతుకులాటకే పోతుంది.

భాష సంగతి మొదటి నెలలోనే తేల్చండి. ఇటాలియన్‌లో పాడితే సంగీతం హాయిగా కూర్చుంటుంది, కానీ జోకు జనానికి తెర మీది అక్షరాల ద్వారా చేరాలి. ప్రేక్షకుల భాషలో పాడితే జోకు నేరుగా చేరుతుంది, కానీ పాటకు అమరే అనువాదం దొరకడం కష్టం. మధ్యే మార్గం ఒకటుంది: పాటలు ఇటాలియన్‌లో, మధ్యలో వచ్చే రెసిటేటివ్‌లు (మాట్లాడినట్టు పాడే భాగాలు) మామూలు సంభాషణలుగా ప్రేక్షకుల భాషలో. శుద్ధవాదులు ముఖం చిట్లిస్తారు. హాలు నవ్వుతుంది. నేనైతే హాలు వైపే.

'లెలిసీర్' మొత్తం సంగీతం సుమారు రెండు గంటలు. ఔత్సాహికుల గొంతులకూ చిన్న హాలు కుర్చీలకూ గంటన్నర మేలు. మళ్లీ మళ్లీ వచ్చే చరణాలు, అంకాల చివర వేగంగా సాగే భాగాల్లో రెండో ఆవృత్తులు, పొడవాటి వాయిద్య పూర్వరంగాలు తీసేయండి. రెండింటిని మాత్రం ముట్టుకోవద్దు. మొదటిది, అదీనా ట్రిస్టన్, ఇసోల్డేల కథ చదివి వినిపించే చోటు. ప్రేమ మందు అనే ఆలోచన నెమొరీనో బుర్రలో పడేది అక్కడే. రెండోది, రెండో అంకంలో జన్నెత్తా అనే పల్లెటూరి అమ్మాయి ఊరి ఆడవాళ్లకు రహస్యం చెప్పే సీను. నెమొరీనో మామయ్య పోయి ఆస్తంతా వీడికి వచ్చిందన్న సంగతి అక్కడే బయటపడుతుంది. అది తీసేస్తే అమ్మాయిలందరూ వాడి వెంట ఎందుకు పడుతున్నారో ఎవరికీ అర్థం కాదు, మందు నిజంగానే పనిచేసిందనుకుంటారు. కోతల జాబితా మొదటి రిహార్సల్ నాటికి అందరి ప్రతుల్లో పెన్సిల్‌తో ఎక్కాలి. మధ్యలో మార్చారంటే ఎవరో ఒకరు స్టేజి మీద పాత దారిలో వెళ్లిపోతారు.

ఆర్కెస్ట్రా లేకపోతే

మంచి పియానిస్ట్ ఒక్కరు చాలు. పదిమంది అరకొర వాయిద్యకారుల కంటే గాయకుడి ఊపిరి కనిపెట్టి వాయించే ఒక్క మనిషి నయం. డబ్బు మిగిలితే అతనికి పక్కన ఒక బసూన్ (మంద్రంగా పలికే ఊదే వాయిద్యం) తెచ్చుకోండి. ఎందుకంటే ఈ ఒపెరాలో అందరికీ తెలిసిన పాట 'ఊనా ఫుర్తీవా లాగ్రిమా' మొదలయ్యేదే బసూన్ ఒంటరి స్వరంతో. అంతసేపూ నవ్విన హాలు ఆ కొద్ది స్వరాలకు సద్దుమణుగుతుంది. బసూన్ దొరక్కపోతే చెల్లో (మంద్రంగా పలికే పెద్ద వయొలిన్ లాంటిది) ఆ పని చేయగలదు. దుల్‌కమారా ఊళ్లోకి దిగేముందు వినిపించే బాకా మాత్రం స్టేజి మీద నిజమైన ట్రంపెట్‌తోనే ఊదించండి. కొత్తగా నేర్చుకుంటున్న పిల్లవాడైనా ఫరవాలేదు, ఒక స్వరం పగిలితే ఆ బండి వైద్యుడికి అది ఇంకా నప్పుతుంది.

పియానోను దాని చోటికి జరిపాకే ట్యూన్ చేయించాలి, ముందు కాదు. రెండు మూడు వందల సీట్ల లోపు హాల్లో గాయకులకు మైకులు పెట్టకండి. మైకు పెట్టగానే మాట స్పీకర్‌లోంచి వస్తుంది, మొహం ఇంకో చోట ఉంటుంది, ఆ దగ్గరితనం పోతుంది.

ఆడిషన్, క్యాలెండర్

ఆరు నెలలు పెట్టుకోండి: మొదటి రెండు నెలలు సంగీతం, తర్వాత రెండున్నర నెలలు స్టేజి, మిగతాది కలిపి నడపడానికి. ఆడిషన్‌లో ఒక పాట విన్నాక, వాళ్లకు తెలియని నాలుగు లైన్ల రెసిటేటివ్ చేతికిచ్చి పావుగంట తర్వాత చదివించండి. అందమైన గొంతు మొదటి పాటలో తెలుస్తుంది, నేర్చుకునే వేగం రెండో దాంట్లో తెలుస్తుంది. మీకు కావలసింది రెండోది. దుల్‌కమారాకు గొంతు గొప్పగా లేకపోయినా నాలుక పదునుగా ఉన్నవాణ్ణి తీసుకోండి. నెమొరీనోకు అందగాడు అక్కర్లేదు, నమ్మించగలిగేవాడు కావాలి.

నెమొరీనో, అదీనా పాత్రలకు ప్రత్యామ్నాయంగా కోరస్‌లోంచి ఒక్కొక్కరిని మొదటి నుంచే నేర్చుకోమనండి. చివరి వారంలో జలుబు ఎవరిని పట్టుకుంటుందో చెప్పలేం.

సంగీతం నేర్పడం: స్వరం తర్వాత, మాట ముందు

ఎక్కువ సమయం ఇక్కడే ఖర్చుపెట్టండి. మొదటి రెండు వారాలు ఎవరినీ పాడనివ్వొద్దు. లైన్లను సరైన లయలో, స్వరం లేకుండా, మామూలు గొంతుతో చదివించండి. ముందు నెమ్మదిగా, తర్వాత కొంచెం కొంచెం వేగం పెంచుతూ. దుల్‌కమారా 'ఉదీతే, ఉదీతే, ఓ రుస్తిచి' అంటూ ఊరి జనం ముందు తన సరుకు గొప్పలు చెప్పుకునే పాటలో మాటలు వడగళ్లలా పడతాయి. గాయకుడు ఒక్క మాట మింగినా వెనక ఉన్న నాలుగూ కొట్టుకుపోతాయి. మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) పెట్టి, రోజుకు ఎనిమిది లైన్లకు మించకుండా, నాలుక తిరిగేదాకా చదివించండి. వేగంగా పాడటం లక్ష్యం కాదు. స్పష్టంగా పాడితే జనానికి అదే వేగంగా అనిపిస్తుంది.

ఉచ్చారణలో మూడు జాగ్రత్తలు. ఇటాలియన్ ద్విత్వాక్షరాన్ని నిజంగా రెండుగా పలకాలి: 'బెల్లా'లో ల మీద ఒక క్షణం ఆగాలి. త, ప, క ఊపిరి కలవకుండా రావాలి. ఒక మాట అచ్చుతో ముగిసి తర్వాతి మాట అచ్చుతోనే మొదలైతే రెండూ ఒకే స్వరం మీద కూర్చుంటాయి. నెమొరీనో మొదటి పాట 'క్వాంతో ఎ బెల్లా'లో 'తో', 'ఎ' రెండూ ఒకే స్వరానివి. కొత్తవాళ్లు దాన్ని రెండు స్వరాలుగా విడదీసి మొత్తం లైన్‌ను పట్టాలు తప్పిస్తారు.

ప్రతి ఒక్కరూ తమ లైన్లకే కాదు, ఎదుటివాళ్ల లైన్లకు కూడా అర్థం పెన్సిల్‌తో రాసుకోవాలి. ఎదుటివాడు ఏమన్నాడో తెలియని గాయకుడు తన వంతు కోసం ఎదురుచూస్తూ నిలబడతాడు. అది చివరి వరుసకు కూడా కనిపిస్తుంది.

కోరస్‌కు వారానికి రెండుసార్లు విడిగా క్లాసు పెట్టండి. జన్నెత్తా రహస్యం చెప్పే సీనుతో మొదలుపెట్టడం మంచిది. 'సరీయా పొస్సీబిలే?' అంటే 'ఇది సాధ్యమేనా?' అని. ఆ సీనంతా గుసగుసలోనే, వేగంగా సాగాలి. మెల్లగా పాడమంటే కోరస్ వేగం తగ్గిస్తుంది, వేగంగా పాడమంటే అరుస్తుంది. ఈ రెంటినీ విడదీయడం ఇక్కడ నేర్పితే మిగతా ఒపెరా అంతా తేలికవుతుంది. మగ గొంతులు తక్కువైతే సైనికులుగా నలుగురైదుగురు చాలు, వాళ్లను ముందు వరుసలో నిలబెట్టండి.

స్టేజి మీద

హాస్యం కోసం అదనపు వేషాలు వేయించకండి. జారిపడటాలు, కన్ను కొట్టడాలు మొదటి రిహార్సల్‌లో అందరినీ నవ్విస్తాయి, ప్రదర్శన నాటికి పాటను మింగేస్తాయి. పాత్రలకు ఇదంతా ప్రాణం మీది సంగతి, ప్రేక్షకులకు మాత్రమే తమాషా. మందు పనిచేయడానికి ఒక రోజు పడుతుందని దుల్‌కమారా చెబుతాడు. ఆ లోపు ఊరు దాటి పారిపోవచ్చని వాడి లెక్క. నెమొరీనో ఆ ఒక్క రోజూ నమ్మకంగా కూర్చుంటాడు. అదీనా మాత్రం బెల్‌కోరే అనే సార్జెంటును ఆ రోజే పెళ్లాడతానంటుంది. మొదటి అంకం చివర నెమొరీనో 'అదీనా, క్రేదీమి' అని ఒక్క రోజు ఆగమని బతిమాలుతాడు. చుట్టూ అందరూ నవ్వుతారు. ఇక్కడ నెమొరీనోను కదలనివ్వకండి. చేతులు కూడా ఊపొద్దు. ఊరంతా నవ్వుతుంటే వాడొక్కడే నిజంగా ఏడుపు ఆపుకుంటున్నాడని తెలిసినప్పుడే హాలుకు వాడి మీద ప్రేమ పుడుతుంది. 'డాన్ పాస్క్వాలే'లో ముసలాయనకు చెంపదెబ్బ పడే చోటూ ఇలాంటిదే, అక్కడ సంగీతమే నవ్వు ఆపేస్తుంది. డైరెక్టర్ దానికి అడ్డుపడకుండా ఉంటే చాలు.

కోరస్‌లో ప్రతి మనిషికీ ఓ పేరు, ఓ పని, నెమొరీనో మీద ఓ అభిప్రాయం ఇవ్వండి. గుంపుగా వచ్చి అర్ధచంద్రాకారంలో నిలబడటం ఆపేయడానికి ఇంతకంటే చవకైన మందు లేదు. అయితే అంకం చివర వేగంగా సాగే చోట అందరికీ పియానిస్ట్ తల కనిపించాలి. నటన ఎంత సహజంగా ఉన్నా అక్కడ చూపు సంగీతం మీదే.

ప్రాప్స్ (స్టేజి మీద వాడే వస్తువులు) కొన్నే, కానీ రెండింటి మీద కథ నడుస్తుంది. ఒకటి సీసా. ముదురు రంగు గాజులా కనిపించే ప్లాస్టిక్ మేలు, స్టేజి మీద పగలదు. లోపల గది వేడిలో ఉన్న మంచినీళ్లు మాత్రమే. తియ్యటి రసం గొంతుకు పట్టుకుంటుంది, సోడా అయితే పాట మధ్యలో తేన్పు వస్తుంది. ఏ విరామంలో గుటక వేయాలో స్కోరులో (సంగీతం రాసిన ప్రతిలో) గుర్తు పెట్టి రిహార్సల్‌లో నిజమైన నీళ్లతోనే సాధన చేయించండి. గుటక వేసిన వెంటనే పాడటం అనుకున్నంత సులువు కాదు. రెండోది సైన్యంలో చేరుతున్నట్టు నెమొరీనో సంతకానికి బదులు అడ్డగీతల గుర్తు పెట్టే కాగితం. ఇరవై స్కూదీల (అప్పటి నాణేల) కోసం వాడు తనను తాను అమ్ముకున్న పత్రమది. తర్వాత అదీనా దాన్ని తిరిగి కొని వాడి చేతికిస్తుంది. అదే కాగితం బెల్‌కోరే జేబులోంచి అదీనా చేతికి తెర వెనక ఎలా చేరుతుందో, ఎవరు చేరుస్తారో రాసిపెట్టుకోండి. లేకపోతే క్లైమాక్స్‌లో అదీనా ఖాళీ చేతులతో వస్తుంది.

సెట్టు, దుస్తుల గురించి ఎక్కువ టెన్షన్ పడొద్దు. ఒక బల్ల, నాలుగు బెంచీలు, దుల్‌కమారా బండి. దుస్తులు ఏ కాలానివైనా ఫరవాలేదు, కోరస్ అంతా మట్టి రంగుల్లో ఉండి దుల్‌కమారా ఒక్కడే ధగధగలాడితే పనైపోయినట్టే.

తెర మీది అక్షరాలు

ఒపెరాలో పైన అనువాదం చూపించడం 1983లో టొరంటోలో మొదలైంది. ఇప్పుడు ఒక ప్రొజెక్టర్, ఒక ల్యాప్‌టాప్ చాలు. ఒకసారికి రెండు లైన్లకు మించకూడదు. పాడిన మాటే తిరిగి వస్తుంటే తెర ఖాళీగా ఉంచండి. అన్నిటికంటే ముఖ్యం, జోకు లైన్ గాయకుడు పాడకముందే తెర మీద పడకూడదు. పడితే జనం ముందే నవ్వేస్తారు, గాయకుడు నిశ్శబ్దంలో తన జోకు తాను పాడుకోవాలి. అందుకే బటన్ నొక్కేది స్కోరు చదవగలిగిన మనిషే కావాలి, ఆ మనిషి చివరి నెల రిహార్సల్స్ అన్నిటికీ రావాలి. తెర మరీ ఎత్తులో పెట్టకండి, చూపు పైకి పోతే మొహాలు తప్పిపోతాయి.

చివరి వారం

స్టేజ్ మేనేజర్‌ను రెండో నెలలోనే పెట్టుకుని ఉండాలి. లైట్లు, ప్రవేశాలు, ప్రాప్స్ అన్నీ ఆ ఒక్కరి స్కోరులో రాసి ఉంటాయి. చివరి వారం మాట కూడా వాళ్లదే, డైరెక్టర్‌ది కాదు. మొదట గాయకులు కూర్చుని పియానోతో మొత్తం పాడటం, మర్నాడు పాట లేకుండా లైట్లు, మార్పులు మాత్రమే, తర్వాత దుస్తులతో రెండుసార్లు ఆపకుండా నడపడం. ఈ రోజుల్లో ప్రధాన గాయకులను నిండు గొంతుతో ఒక్కసారే పాడనివ్వండి, మిగతాసార్లు సగం గొంతు చాలు. రెండు ప్రదర్శనలుంటే మధ్యలో ఒక రోజు ఖాళీ తప్పనిసరి.

ఏదో ఒకటి తప్పుతుంది. 1816లో రోమ్‌లో 'బార్బర్ ఆఫ్ సెవిల్' మొదటి రాత్రి బాసీలియో వేషధారి తట్టుకుని పడి ముక్కుకు రక్తం కారుతూ పాడాడని, స్టేజి మీదికి పిల్లి కూడా వచ్చిందని చెబుతారు. జనం ఈలలు వేసి గోల చేశారు. రెండో ప్రదర్శన నుంచి అదే ఒపెరాకు నీరాజనాలు పట్టారు. మీ వాళ్లకు ఒకే ఒక్క నియమం చెప్పండి: లైన్ మర్చిపోతే ఆగొద్దు, మీ పాత్ర ఆ క్షణంలో ఏం చేస్తుందో అదే చేస్తూ ఉండండి, పియానిస్ట్ మిమ్మల్ని పట్టుకుంటాడు. ఆ పట్టుకోవడం ఎలాగో పియానిస్ట్‌తో రెండు రిహార్సల్స్‌లో కావాలని సాధన చేయండి: ఒక గాయకుణ్ణి చెవిలో చెప్పి నాలుగు లైన్లు దాటేయమనండి, మిగతావాళ్లు ఎలా సర్దుకుంటారో చూడండి.

ప్రదర్శన అయ్యాక స్టేజి ఆ రాత్రే ఖాళీ చేయించండి, మర్నాడు సగం మంది రారు. అద్దె దుస్తులు లెక్కపెట్టి, అద్దె ప్రతులు తిరిగి పంపే ముందు వాటిలోని పెన్సిల్ గీతలన్నీ చెరపాలి, లేకపోతే ప్రచురణకర్త జరిమానా వేయొచ్చు. ఇరవై ప్రతులు, ఒక్కొక్కటీ వందల పేజీలు. మంచి రబ్బర్లు ఓ పెట్టెడు మొదటి నెల బడ్జెట్‌లోనే రాసుకోండి.